ఆధార గ్రంథాల పట్టిక: వర్డ్‌లో ఉన్నది చాలునా, జొటెరో పెట్టుకోవాలా?

చెన్నైలో పరిశోధన చేస్తున్న తెలుగువాళ్లు, గిండీలో ఇంజనీరింగ్ వాళ్లైనా, మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు చదివేవాళ్లైనా, తరచుగా అడిగే ప్రశ్న ఇది: ‘వర్డ్‌లోనే సైటేషన్ పెట్టే ఏర్పాటు ఉంది కదా, మళ్లీ జొటెరో, మెండెలీ ఎందుకు?’ కొన్ని నెలలు గడిచాక వాళ్లే మరో ప్రశ్నతో వస్తారు: ‘సగం థీసిస్ వర్డ్‌లో చేశాను, ఇప్పుడు జొటెరోకి మారవచ్చా?’

సైటేషన్ అంటే ఒక మాటకు ఆధారం ఏ పుస్తకమో, ఏ వ్యాసమో వాక్యంలోనే చూపే గుర్తు. జొటెరో, మెండెలీ ఆధారాల వివరాలను దాచిపెట్టి, సైటేషన్లనూ చివరి పట్టికనూ తయారుచేసే ప్రోగ్రాములు. పై మొదటి ప్రశ్నకు జవాబు మీ పనిని బట్టి ఉంటుంది. రెండో ప్రశ్నకు ఒకటే జవాబు. మారవచ్చు, కాని అప్పటికే పెట్టిన ప్రతి సైటేషన్‌నూ చేత్తో తీసేసి మళ్లీ పెట్టుకోవాలి. వర్డ్ పెట్టిన గుర్తులు జొటెరోకు అర్థం కావు, జొటెరో పెట్టినవి వర్డ్ సొంత పట్టికలోకి రావు. కాబట్టి మొదటి సైటేషన్ పెట్టకముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

1. మొదలుపెట్టేముందు తెలుసుకోవలసినవి

కంప్యూటర్ జోలికి వెళ్లేముందు ఈ జవాబులు కాగితం మీద రాసి పెట్టుకోండి.

- ఆధారాలు చూపడానికి మీ శాఖ ఏ శైలి అడుగుతోంది? ‘ఏపీఏ’ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి) అంటే చాలదు, ఎన్నో కూర్పో (ఎడిషన్) కూడా కావాలి.
- మొత్తం ఆధారాలు సుమారు ఎన్ని ఉంటాయి?
- ఇదే సామగ్రితో తరువాత వ్యాసాలు రాసి పత్రికలకు పంపుతారా?
- ఫైలు మీరొక్కరే తెరుస్తారా, గైడు, సహ రచయితలు కూడా దిద్దుతారా?
- రాసేది వర్డ్‌లోనా, లిబ్రే ఆఫీస్‌లోనా, గూగుల్ డాక్స్‌లోనా?
- ఆధారాల్లో తెలుగు పుస్తకాలు ఎన్ని, ఇంగ్లీషువి ఎన్ని?

శైలి గురించి గైడును అడిగితే ‘ఏదైనా ఒకటే పద్ధతి పాటించు’ అంటారు. ఆ మాట నమ్మి ఊరుకోవద్దు. మీ శాఖలో ఈమధ్యే ఆమోదం పొందిన ఒక థీసిస్ తెచ్చుకుని చివరి పేజీలు చూడండి. అక్కడ కనబడేదే అసలు నియమం.

2. ఎవరికి ఏది

ఒక్క సెమిస్టర్ ప్రాజెక్టు, ముప్ఫైకి లోపు ఆధారాలు, ఒకే కంప్యూటర్, రాసేది మీరొక్కరే అయితే వర్డ్‌లో ఉన్నది చాలు. కొత్తగా ఏదీ పెట్టుకోనక్కరలేదు.

పీహెచ్‌డీ అయితే, లేదా ఒకే ఆధారాన్ని రెండు మూడు వ్యాసాల్లో వాడబోతుంటే జొటెరో పెట్టుకోండి. ఉచితంగా దొరుకుతుంది, ఓపెన్ సోర్స్, 2006 నుంచి నడుస్తోంది. వర్డ్‌తో, లిబ్రే ఆఫీస్‌తో, గూగుల్ డాక్స్‌తో పనిచేస్తుంది. పత్రికల శైలులు వేల సంఖ్యలో ఉన్నాయి.

మెండెలీ 2013 నుంచి ఎల్సెవియర్ చేతిలో ఉంది. పాత డెస్క్‌టాప్ రూపాన్ని 2022 సెప్టెంబరు నుంచి కొత్తవారికి ఇవ్వడం ఆపేశారు. ఇప్పటికే అందులో వందల వ్యాసాలున్నవాళ్లు కొత్త రూపంలో కొనసాగవచ్చు, కొత్తగా చేరడానికి మాత్రం నాకు కారణం కనబడదు. ఇలాంటిదే మరో ప్రోగ్రామ్ ఎండ్‌నోట్‌కు డబ్బు కట్టాలి. మీ సంస్థ లైసెన్సు ఇస్తే వాడుకోండి, కాని చదువు ముగిసి ఆ లైసెన్సు పోయేలోగా సామగ్రినంతా బయటికి ఎగుమతి చేసుకోవాలని గుర్తుంచుకోండి. వర్డ్‌కు బదులు లాటెక్ అనే టైపుసెట్టింగ్ పద్ధతిలో రాసేవాళ్లకు ఈ చర్చే అక్కరలేదు. జొటెరో నుంచో, ఆధారాలు దాచే జాబ్‌రెఫ్ అనే మరో ప్రోగ్రామ్ నుంచో బిబ్‌టెక్ ఫైలు (లాటెక్ చదవగలిగే ఆధారాల జాబితా) తీసుకుంటే సరిపోతుంది.

3. వర్డ్ సొంత పనిముట్టుతో చేసే పద్ధతి

1. రిఫరెన్సెస్ ట్యాబ్ తెరిచి, ముందుగా స్టైల్ గడిలో శైలి ఎంచుకోండి. ఏయే వివరాలు అడగాలో వర్డ్ దాన్ని బట్టే నిర్ణయిస్తుంది.
2. కర్సర్‌ను వాక్యం చివర, ఫుల్‌స్టాప్‌కు ముందు పెట్టి ఇన్సర్ట్ సైటేషన్, ఆపైన యాడ్ న్యూ సోర్స్ నొక్కండి.
3. ఆధారం రకం ఎంచుకోండి. కింద ‘షో ఆల్ బిబ్లియోగ్రఫీ ఫీల్డ్స్’ గడిలో టిక్ పెట్టండి. లేకపోతే సంపాదకుడు, కూర్పు వంటి గడులు కనబడవు.
4. ఒకరికన్నా ఎక్కువమంది రచయితలుంటే పేర్ల మధ్య సెమికోలన్ పెట్టండి.
5. పేజీ సంఖ్య కావాలంటే, పెట్టిన సైటేషన్ మీద నొక్కి, పక్కన వచ్చే బాణంలో ఎడిట్ సైటేషన్ తెరవండి.
6. చివరి పేజీలో బిబ్లియోగ్రఫీ నొక్కి పట్టిక పెట్టండి. తరువాత ఆధారాలు చేర్చినప్పుడల్లా పట్టిక మీద నొక్కి అప్‌డేట్ చేయాలి. తనంతట తాను మారదు.

రెండు చోట్ల జాగ్రత్త అవసరం.

మొదటిది మాస్టర్ లిస్ట్, కరెంట్ లిస్ట్ తేడా. మేనేజ్ సోర్సెస్ తెరిస్తే రెండు జాబితాలు కనబడతాయి. కుడివైపున ఉన్న కరెంట్ లిస్ట్ మీ ఫైలులోనే ఉంటుంది, ఫైలుతోపాటు ప్రయాణిస్తుంది. ఎడమవైపు మాస్టర్ లిస్ట్ మాత్రం ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. కాలేజీ ల్యాబ్‌లో ఎక్కించిన ఆధారాలు హాస్టల్‌లోని ల్యాప్‌టాప్‌లో కొత్త ఫైలు తెరిస్తే కనబడకపోవడానికి కారణం ఇదే. పాత ఫైలు తెరిచి, కరెంట్ లిస్ట్‌లో ఉన్నవాటిని కాపీ బటన్‌తో మాస్టర్‌లోకి పంపితే పని జరుగుతుంది.

రెండోది శైలి కూర్పు. చాలా కంప్యూటర్లలోని వర్డ్‌లో ఏపీఏ అంటే 6వ కూర్పే. 7వ కూర్పు 2019 అక్టోబరులో వచ్చింది. తేడా పట్టుకోవడం తేలిక: పట్టికలో పుస్తకం పక్కన ప్రచురణకర్త ఊరు పేరు కనబడితే అది 6వ కూర్పు. 7వ కూర్పులో ఊరు ఉండదు. మీ శాఖ 7వదే కావాలంటే వర్డ్ సొంత పనిముట్టును అక్కడితో వదిలేయండి. బయట దొరికే శైలి ఫైళ్లను వర్డ్‌లో పెట్టవచ్చు కాని, మీరు తెరిచే ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ పని చేయాలి.

4. జొటెరోను సిద్ధం చేసుకోవడం

1. జొటెరో ప్రోగ్రామ్‌ను, వెబ్ పేజీ నుంచి ఆధారాన్ని జొటెరోలోకి పంపే జొటెరో కనెక్టర్‌ను బ్రౌజర్‌కు, రెండింటినీ పెట్టుకోండి. రెండోది మరిచిపోయి ‘వ్యాసాలు చేరడం లేదు’ అనేవాళ్లే ఎక్కువ.
2. వర్డ్ మూసి మళ్లీ తెరవండి. పైన జొటెరో ట్యాబ్ కనబడాలి. లేకపోతే జొటెరో సెట్టింగ్స్‌లో సైట్ విభాగానికి వెళ్లి వర్డ్ యాడ్-ఇన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.
3. ఖాతా తెరిచి సింక్ (మీ లైబ్రరీని అన్ని కంప్యూటర్లలో ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆన్ చేయండి. పుస్తకాల వివరాల సింక్‌కు పరిమితి లేదు. పీడీఎఫ్‌లకు మాత్రం 300 ఎంబీ వరకే ఉచితం, స్కాన్ చేసిన పాత పుస్తకాలు నాలుగైదు చేరితే అది నిండిపోతుంది. 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు కట్టాలి. కట్టడం ఇష్టం లేకపోతే ఫైళ్ల సింక్ ఆపేసి, వివరాల సింక్ ఉంచండి.
4. జొటెరో డేటా ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి వాటిలో పెట్టవద్దు. డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది. బ్యాకప్ కావాలంటే జొటెరో మూసేసి, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

పరీక్షగా ఒక ఆధారం చేర్చి చూడండి. సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ 1928లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసం మంచి ఉదాహరణ. పత్రిక సైటులో దాని డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కాపీ చేసుకుని, జొటెరోలో మంత్రదండం బొమ్మ నొక్కి అక్కడ అతికించండి. సంపుటి 121, పేజీలు 501–502 అని రావాలి. వివరాలు వచ్చాక ప్రతి గడినీ అసలు పేజీతో పోల్చండి. పేర్లు అన్నీ పెద్ద అక్షరాల్లో పడ్డాయా? పొడి అక్షరాలు తప్పిపోయాయా? మొదటి పేజీ ఒక్కటే వచ్చిందా? ఈ పోల్చడం ప్రతి ఆధారానికీ చేయవలసిందే. లోపలికి వెళ్లిన తప్పును సాఫ్ట్‌వేర్ దిద్దదు, శుభ్రంగా అచ్చు వేసి చూపిస్తుంది.

5. పేర్లు: అసలు చిక్కంతా ఇక్కడే

ఈ పనిముట్లన్నీ పేరును రెండు ముక్కలుగా చూస్తాయి: ఇంటిపేరు ఒకటి, సొంత పేరు ఒకటి. చెన్నైలో కూర్చుని పనిచేసేవాళ్లకు రెండు రకాల పేర్లూ ఒకే పట్టికలో ఎదురవుతాయి.

తమిళుల పేరు ముందున్న పొడి అక్షరం సాధారణంగా తండ్రి పేరుది. సి.వి. రామన్‌లో ‘సి’ తండ్రి చంద్రశేఖర అయ్యర్ పేరు నుంచి వచ్చింది. అక్కడ ‘రామన్’ను ఇంటిపేరు గడిలో, ‘సి.వి.’ని రెండో గడిలో పెట్టాలి. మన పేర్లలో పొడి అక్షరమే ఇంటిపేరు. సి. నారాయణరెడ్డిలో ‘సి’ అంటే సింగిరెడ్డి. అయినా ఇంగ్లీషు వ్యాసాల్లో సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటుంది కాబట్టి రావులు, రెడ్లు అందరూ ఒక్క కుటుంబంలా వరుసగా నిలబడతారు.

నేను చెప్పే పద్ధతి ఇది:

- ఇంగ్లీషు వ్యాసానికి, రచయిత తన వ్యాసాల్లో పేరును ఎలా రాసుకున్నారో, ఇతరులు ఎలా ఉదహరిస్తున్నారో చూసి అలాగే ఉంచండి. మీరు కొత్తగా దిద్దకండి.
- అదే మనిషి ఒక వ్యాసంలో ‘కె.వి. రావు’, ఇంకొక దానిలో ‘కె. వెంకట రావు’ అని ఉంటే జొటెరోలో రెండింటినీ ఒకే రూపానికి తెండి. లేకపోతే ఇద్దరు వేరు మనుషులనుకుని ఏపీఏ శైలి వాక్యం మధ్యలో ‘(కె.వి. రావు, 2015)’ అంటూ పొడి అక్షరాలు చేరుస్తుంది. నిజంగానే ఇద్దరు వేరు రావులుంటే ఆ అక్షరాలు సరైనవే, తీసేయకండి.
- తెలుగు లిపిలో ఎక్కించే పుస్తకానికి పేరు గడిని ఒక్క గడిగా మార్చండి. జొటెరోలో పేరు పక్కనే ఆ ఏర్పాటు ఉంటుంది. అందులో ‘గిడుగు రామమూర్తి’ అని పూర్తిగా రాస్తే వాక్యంలోనూ, పట్టికలోనూ అలాగే పడుతుంది, ఇంటిపేరు ముందే ఉంది కాబట్టి వరుస కూడా దాని ప్రకారమే వస్తుంది.
- వర్డ్ సొంత పనిముట్టులో ఇదే ఫలితానికి ‘కార్పొరేట్ ఆథర్’ గడిలో టిక్ పెట్టి పేరును అక్కడ రాయండి. అది సంస్థల కోసం పెట్టిన గడే, అయినా పేరును ముక్కలు చేయదు.
- సంస్థల పేర్లకు ఇది తప్పనిసరి. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియాను మామూలు రచయిత గడిలో రాస్తే ‘ఇండియా’ ఇంటిపేరైపోయి, మిగతాది పొడి అక్షరాలుగా మారిపోతుంది.

6. పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేని పుస్తకాన్ని ఏ మంత్రదండమూ పట్టుకోలేదు. మద్రాసులో అచ్చయిన పాత తెలుగు పుస్తకాలన్నీ ఈ కోవలోవే. చేత్తో ఎక్కించాలి. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలోనో, మరెక్కడైనానో పుస్తకం చేతిలో ఉన్నప్పుడే ముఖపత్రాన్నీ, దాని వెనుక పేజీనీ ఫోనులో ఫొటో తీసుకోండి. అట్ట మీద ఉన్న పేరును నమ్మవద్దు, ముఖపత్రం మీదిదే ప్రమాణం.

- ఊరు: ముఖపత్రం మీద ‘మద్రాసు’ అని ఉంటే మద్రాసు అనే రాయండి. నగరం పేరు 1996లో మారింది. అంతకుముందు పుస్తకానికి ‘చెన్నై’ అని దిద్దితే తప్పు మీదవుతుంది.
- సంవత్సరం: ‘ప్రభవ నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే తేదీ గడిలో ఆ మాట పెట్టకండి. ప్రభవ 1927 ఉగాది నుంచి 1928 ఉగాది దాకా నడిచింది, మళ్లీ 1987లో వచ్చింది. నెల కూడా ఉంటే చూసి అంకెల్లో రాయండి, తెలుగు సంవత్సరం పేరును ఎక్స్‌ట్రా గడిలో ఉంచండి.
- పత్రిక వ్యాసం: 1924లో మద్రాసులో మొదలైన భారతి వంటి పత్రికలకు సంపుటి, సంచిక రెండూ కావాలి. బైండు చేసిన సంపుటాల్లో సంచిక అట్టలు తీసేసి ఉంటాయి. పక్క పేజీలు తిరగేసి సంచిక ఎక్కడ మొదలైందో చూడండి.
- తాళపత్ర ప్రతి: జొటెరోలో మాన్యుస్క్రిప్ట్ అనే రకం ఉంది. గ్రంథాలయం పేరును ఆర్కైవ్ గడిలో, ప్రతి సంఖ్యను దాని పక్క గడిలో రాయండి. వర్డ్‌లో ఈ రకం లేదు, ‘మిసలేనియస్’తో సరిపెట్టుకోవాలి.
- భాష గడి: తెలుగు శీర్షికను ఇంగ్లీషు లిపిలో రాసినప్పుడు, భాష గడిలో తెలుగుకు టీ, ఈ అనే రెండక్షరాల కోడ్ పెట్టండి. లేకపోతే కొన్ని శైలులు ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్దది చేస్తాయి.

పట్టికలో తెలుగు, ఇంగ్లీషు విభాగాలు వేరుగా ఉండాలని మీ శాఖ అంటే, అది రెండు పనిముట్లకూ చేతకాదు. ఒకే పట్టిక ఇస్తాయి. విడదీసే పని చివరి ప్రతిలో చేత్తో చేసుకోవలసిందే, 10వ అంకె చూడండి.

7. రాస్తున్నప్పుడు

వర్డ్‌లోని జొటెరో ట్యాబ్‌లో యాడ్ సైటేషన్ నొక్కితే పొడవాటి పెట్టె వస్తుంది. రచయిత పేరో శీర్షికలో మాటో కొట్టి, కావలసినది ఎంచుకుని ఎంటర్ నొక్కండి. పేజీ సంఖ్యకు ఆ పెట్టెలోనే పేరు మీద నొక్కాలి. వాక్యంలో రచయిత పేరు ముందే రాసి ఉంటే అక్కడే ‘ఆమిట్ ఆథర్’ టిక్ పెట్టండి. పేజీ సంఖ్యను బయట చేత్తో కొట్టవద్దు.

అధ్యాయాలన్నీ ఒకే ఫైలులో ఉండి, ప్రతి సైటేషన్‌కూ వర్డ్ ఆగిపోతుంటే, డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ తీసేయండి. రోజు చివర రిఫ్రెష్ నొక్కితే అన్నీ ఒకేసారి సర్దుకుంటాయి.

ఇద్దరు ముగ్గురు కలిసి రాసేటప్పుడు జొటెరోలో ఒక గ్రూపు తెరిచి, అందరూ ఆ గ్రూపులోని ఆధారాలనే వాడాలి. ఎవరి సొంత లైబ్రరీ నుంచి వాళ్లు పెడితే ఒకే వ్యాసం రెండుసార్లు పట్టికలో చేరుతుంది.

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

‘2019ఎ, 2019బి’ అని వస్తోంది, కాని వ్యాసం ఒకటే. లైబ్రరీలో అదే వ్యాసం రెండుసార్లు చేరింది. డూప్లికేట్ ఐటమ్స్‌లోకి వెళ్లి రెండింటినీ మెర్జ్ చేసి, వర్డ్‌లో రిఫ్రెష్ నొక్కండి. ఒకదాన్ని డిలీట్ చేస్తే మాత్రం దానితో పెట్టిన సైటేషన్‌కు లంకె తెగుతుంది.

పట్టికలో దిద్దిన తప్పు మళ్లీ వచ్చేసింది. పట్టికలో దిద్దారు కాబట్టే వచ్చింది. జొటెరోలో అసలు ఆధారాన్ని దిద్ది రిఫ్రెష్ చేయాలి.

‘మీరు ఈ సైటేషన్‌ను మార్చారు’ అని హెచ్చరిక. సైటేషన్ లోపల ఎక్కడో టైపు చేశారు. మార్పు ఉంచుకుంటామంటే ఆ ఒక్కటి ఇక ఎప్పటికీ అప్‌డేట్ కాదు. వద్దని చెప్పి, ఎడిట్ పెట్టెలో మార్చండి.

గైడు ఫైలును గూగుల్ డాక్స్‌లో తెరిచి దిద్ది పంపారు, సైటేషన్లన్నీ మామూలు అక్షరాలైపోయాయి. అవి తిరిగి రావు. పాత ప్రతి తీసుకుని గైడు దిద్దుబాట్లను అందులో ఎక్కించండి. ఇకముందు గైడుకు పీడీఎఫ్ పంపండి, లేదా వర్డ్‌లోనే తెరవమని వినయంగా చెప్పండి. సాఫ్ట్‌వేర్ మార్చక తప్పకపోతే ముందుగా డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లోని ‘స్విచ్ టు ఎ డిఫరెంట్ వర్డ్ ప్రాసెసర్’ వాడాలి.

పట్టికలో ‘ఎన్.డి.’ అని ఉంది. తేదీ గడి ఖాళీగా ఉందని అర్థం. వెబ్ పేజీలకు ఇది ఎక్కువ. నిజంగా తేదీ లేకపోతే ఉండనివ్వండి.

9. మధ్యలో మారక తప్పకపోతే

వర్డ్‌లోని ఆధారాల జాబితాను జాబ్‌రెఫ్ చదవగలదు. అక్కడి నుంచి బిబ్‌టెక్‌గా జొటెరోలోకి తెచ్చుకోవచ్చు. వివరాలు మళ్లీ టైపు చేసే శ్రమ కొంత తగ్గుతుంది. సైటేషన్లు మాత్రం చేత్తోనే పెట్టాలి.

ఫైలుకు ప్రతి తీసి, అధ్యాయం తరువాత అధ్యాయం చేయండి. ముందుగా వర్డ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ విభాగంలో ఫీల్డ్ షేడింగ్‌ను ‘ఆల్వేస్’ చేయండి. పనిముట్టు పెట్టినవన్నీ బూడిద రంగులో కనబడతాయి. రంగు లేని బ్రాకెట్ కనబడితే, అది ఎప్పుడో చేత్తో కొట్టినది. మారేవాళ్లకే కాదు, మారనివాళ్లకు కూడా ఈ రంగు పనికొస్తుంది, ఎందుకంటే చేత్తో కొట్టినవి పట్టికలోకి రావు.

సమర్పణకు నెల కన్నా తక్కువ ఉంటే మారకండి. ఉన్నదానితోనే ముగించి, శైలి తేడాలు చివర చేత్తో దిద్దుకోండి.

10. సమర్పించేముందు

- ఫీల్డ్ షేడింగ్ పెట్టి మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకసారి చూడండి.
- వర్డ్ వాడేవాళ్లు మేనేజ్ సోర్సెస్‌లో ప్రశ్నార్థకం గుర్తులు మిగిలాయేమో చూడాలి. అవి పూర్తి చేయని ఆధారాలు. టిక్ గుర్తు లేనివి ఎక్కడా ఉదహరించనివి.
- రిఫ్రెష్ చేసి, పట్టికలో ‘ఎన్.డి.’, జంట ఎంట్రీలు, తారుమారైన పేర్లు వెతకండి.
- ఫైలును వేరే పేరుతో సేవ్ చేయండి. ఆ ప్రతిలో మాత్రమే జొటెరోలోని అన్‌లింక్ సైటేషన్స్ నొక్కండి. నొక్కితే లంకెలు తెగిపోతాయి, తిరిగి కలపలేరు.
- అన్‌లింక్ చేసిన ప్రతిలో తెలుగు, ఇంగ్లీషు విభాగాలు విడదీయండి. తెలుగు పుస్తకానికి ‘ఎట్ ఆల్’ పడి ఉంటే ‘తదితరులు’ అని దిద్దండి.
- లంకెలున్న అసలు ప్రతిని దాచుకోండి. పరీక్షకులు దిద్దుబాట్లు చెప్పినప్పుడు పని మళ్లీ దానిమీదే చేయాలి.